బ్యాగులో పట్టే డీజే కంట్రోలర్: పిచ్ ఫేడర్ ఎట్టకేలకు దారికొచ్చింది

నిన్న రాత్రి మొదటిసారి రెండు ట్రాకులు చెవితోనే విని కలిపి చేతులు తీసేశాను, నాలుగు నిమిషాలు అలాగే కలిసి నడిచాయి. సింక్ బటన్ (ట్రాకుల వేగాన్ని సాఫ్ట్‌వేరే కలిపేసేది) నొక్కలేదు. నేను సొంతంగా కడుతున్న ఈ డీజే కంట్రోలర్, అంటే ల్యాప్‌టాప్‌లో పాటలు కలపడానికి నాబ్‌లూ ఫేడర్లూ ఉన్న పెట్టె, మొదలుపెట్టిందే దీనికోసం కాబట్టి ఇక్కడిదాకా ఎలా వచ్చానో వివరంగా రాసి పెట్టుకుంటున్నా, ఇలాంటిది కట్టాలనుకునేవాళ్ళకి కూడా పనికొస్తుంది.

సైజు ముందే తేల్చేసుకున్నా, ల్యాప్‌టాప్ పక్కన అదే బ్యాగులో దూరాలి, అంటే 320 మిల్లీమీటర్ల వెడల్పు, 200 లోతు, మందం 42. వైరు ముట్టుకోకముందే అట్టపెట్టె ముక్క మీద అన్నీ అసలు కొలతల్లో గీసి, నాబ్‌ల చోట సీసా మూతలు అంటించి రెండు రోజులు ఉత్తుత్తినే వాయించాను. చాలా మేలు చేసింది ఇది. 100 మిల్లీమీటర్ల జాగ్ వీల్స్ (ట్రాక్‌ని చేత్తో ముందుకీ వెనక్కీ తిప్పే చక్రాలు) పెడితే పిచ్ ఫేడర్‌కీ (ట్రాక్ వేగం మార్చే మీట) అంచుకీ మధ్య వేలు పట్టట్లేదని అక్కడే తెలిసిపోయింది, 90కి తగ్గించాను. ఈక్యూ (బేస్, ట్రెబుల్ సరిచేసే) నాబ్‌ల మధ్య 22 మిల్లీమీటర్ల కంటే తక్కువ ఉంటే పక్క నాబ్ కూడా తిరిగిపోతోంది, అక్కడ మాత్రం రాజీ పడలేదు.

లోపల ప్రో మైక్రో బోర్డు, ఏటీమెగా32యూ4 చిప్ ఉన్నది. యూఎస్‌బీ ఆ చిప్‌లోనే ఉంటుంది కాబట్టి కంప్యూటర్‌కి నేరుగా మిడీ (సంగీత పరికరాలు మాట్లాడుకునే భాష) డివైస్‌లా కనపడుతుంది, డ్రైవర్లు అక్కర్లేదు. నాబ్‌లు, వాల్యూమ్ ఫేడర్లు, క్రాస్‌ఫేడర్ (ఒక ట్రాక్ నుంచి ఇంకోదానికి జరిపేది) కలిపి 14, అన్నీ 10 కిలో ఓమ్‌ల లీనియర్ పాట్‌లే (తిప్పితే వోల్టేజీ మారే రెసిస్టర్లు), అన్నీ ఒక 4067 మల్టీప్లెక్సర్ (వాటన్నిటినీ వంతులవారీగా ఒకే పిన్‌తో చదివించే చిప్) మీద. ఛానెల్ మార్చిన వెంటనే వచ్చే మొదటి రీడింగ్ పారేసి రెండోది తీసుకుంటున్నా, లేకపోతే బేస్ నాబ్ తిప్పితే పక్కన ట్రెబుల్ కూడా కొంచెం కదులుతోంది. బటన్లు 16, నాలుగు వరసలు నాలుగు నిలువుల మ్యాట్రిక్స్, ప్రతి బటన్‌కీ ఒక 1ఎన్4148 డయోడ్, డయోడ్ మానేస్తే మూడు బటన్లు కలిపి నొక్కినప్పుడు నొక్కని నాలుగోది కూడా పలుకుతుంది.

ఇక అసలు సంగతి పిచ్ ఫేడర్. మామూలు మిడీ కంట్రోల్ మెసేజ్‌లో విలువలు 0 నుంచి 127 దాకానే. రేంజ్ ప్లస్ మైనస్ 8 శాతం అంటే మొత్తం 16 శాతాన్ని 127 మెట్లుగా కోస్తున్నాం, ఒక్కో మెట్టు 0.126 శాతం. 128 బీపీఎం (నిమిషానికి బీట్లు) ట్రాక్‌లో అది 0.16 బీపీఎం. మనకి కావలసిన టెంపో రెండు మెట్ల నడిమధ్య పడిందనుకోండి, 0.08 తేడా ఉండిపోతుంది, నిమిషం గడిచేసరికి ట్రాకులు 37 మిల్లీసెకండ్లు పక్కకి జరుగుతాయి. అంటే ఒక్క కిక్ రెండుగా చీలి దడదడమని వినపడుతుంది, ఎంత మంచి చెవి ఉన్నా మెట్టు లేని చోట ఫేడర్ ఆగదు కదా. మొదటి వెర్షన్‌లో నేను వారం రోజులు నా చెవినే అనుమానించాను, తీరా లెక్క వేసి చూస్తే విషయం ఇది.

అందుకని పిచ్ ఫేడర్లు రెండింటినీ మల్టీప్లెక్సర్ నుంచి తీసేసి ఏడీఎస్1115 మాడ్యూల్‌కి ఇచ్చాను, అది వోల్టేజీని అంకెగా మార్చే 16 బిట్ల ఏడీసీ. పంపడం పిచ్ బెండ్ మెసేజ్‌తో, ఎందుకంటే అందులో 14 బిట్లు ఒకే మెసేజ్‌లో వెళ్తాయి, అంటే 16384 మెట్లు. రెండు కంట్రోల్ మెసేజ్‌లుగా విడగొట్టి పంపే పద్ధతి కూడా ఉంది కానీ పై సగం వచ్చి కింది సగం ఇంకా రాని ఆ క్షణంలో టెంపో ఎగిరిపడుతోంది, నాకు నచ్చలేదు.

అంతా బాగుంది అనుకుంటుండగా ఎల్ఈడీలు వెలిగినప్పుడల్లా టెంపో మారడం మొదలైంది! ఫేడర్ మీద చెయ్యి కూడా లేదు. మల్టీమీటర్ పెట్టి చూస్తే ఎల్ఈడీలు ఆరి ఉన్నప్పుడు 5.02 వోల్టులు, వెలిగితే 4.95. ప్రో మైక్రో సొంత ఏడీసీ అయితే సప్లై వోల్టేజీతోనే పోల్చుకుంటుంది, సప్లై తగ్గితే ఫేడర్‌ది కూడా అంతే తగ్గుతుంది కాబట్టి తేడా కనపడదు. ఏడీఎస్1115కి లోపల సొంత రిఫరెన్స్ ఉంది, దానికి నిజంగానే ఫేడర్ కదిలినట్టు ఉంటుంది. మధ్యలో ఉన్న ఫేడర్‌కి అది 0.14 బీపీఎం జారుడు. పరిష్కారం చాలా సింపుల్, ఆ మాడ్యూల్‌కి నాలుగు ఛానెల్స్ ఉన్నాయి, మూడో దానికి 5 వోల్టుల లైనే కలిపేసి, ఫేడర్ రీడింగ్‌ని ఆ రీడింగ్‌తో భాగిస్తున్నా. జారుడు పోయింది. ఎల్ఈడీల వెలుగు కూడా పావుకి తగ్గించాను, నావి డబ్ల్యూఎస్2812 రకం ఎల్ఈడీలు, 16 పూర్తి తెలుపులో వెలిగితే ఒక్కోటి 60 మిల్లీఆంపుల దాకా లాగుతాయి, యూఎస్‌బీ 2.0 పోర్టు ఇచ్చేది 500 మాత్రమే.

జాగ్ వీల్స్ 608 బేరింగుల మీద తిరుగుతాయి, కింద మ్యాగ్నెట్ తిరిగిన కోణం చదివే ఏఎస్5600 సెన్సర్, ఒక చుట్టుకి 4096 పాయింట్లు. కొనేముందు రెండు విషయాలు చూసుకోండి. మ్యాగ్నెట్ అడ్డంగా ధ్రువాలున్నది కావాలి, అంటే బిళ్ళలో ఒక సగం ఉత్తరం ఇంకో సగం దక్షిణం, మామూలు బిళ్ళ మ్యాగ్నెట్ పెడితే పైనా కిందా ధ్రువాలుంటాయి కాబట్టి వీల్ తిప్పినా రీడింగ్ సరిగ్గా రాదు, నాకు ఒక సాయంత్రం మొత్తం అక్కడే పోయింది. రెండోది, ఈ సెన్సర్ ఐ2సీ (రెండు వైర్ల మీద చిప్‌లు మాట్లాడుకునే పద్ధతి) అడ్రస్ 0x36, మార్చలేం, కాబట్టి రెండు సెన్సర్లు ఒకే వైర్ల జత మీద ఉండవు, మధ్యలో వాటిని విడివిడిగా కలిపే టీసీఏ9548ఏ చిప్ పెట్టాల్సి వచ్చింది. కోడ్‌లో 4095 నుంచి 0కి దూకే చోట తేడా 2048 దాటితే తిరిగే దిక్కుని బట్టి 4096 కలపడమో తీసేయడమో మర్చిపోతే ప్రతి చుట్టుకీ ఒకసారి ట్రాక్ వెనక్కి ఎగురుతుంది.

ఏడీఎస్1115 లైబ్రరీ డిఫాల్ట్ స్పీడు సెకనుకి 128 శాంపిళ్ళు, రీడింగ్ వచ్చేదాకా దాదాపు 8 మిల్లీసెకండ్లు కోడ్ అక్కడే ఆగుతుంది, మూడు ఛానెల్స్‌కి 24, ఈలోపు జాగ్ నత్తిగా తిరుగుతోంది. స్పీడు 860కి పెంచి, రీడింగ్ మొదలుపెట్టి వెళ్ళి జాగ్‌లు చదివి తిరిగొచ్చి ఫలితం తీసుకుంటున్నా, ఇప్పుడు స్క్రాచ్ (రికార్డుని చేత్తో ముందుకీ వెనక్కీ రుద్దినట్టు చేయడం) చేతికి అంటుకున్నట్టు వస్తోంది.

సాఫ్ట్‌వేర్ వైపు, పేరు చివర మూడు ఎక్స్‌లు ఉండే మిక్స్ అనే ఓపెన్ సోర్స్ ప్రోగ్రామ్ వాడుతున్నా, మ్యాపింగ్ (ఏ నాబ్ ఏం చెయ్యాలో చెప్పేది) ఎక్స్ఎంఎల్‌లో, స్క్రాచ్ జావాస్క్రిప్ట్‌లో. హెడ్‌ఫోన్ క్యూ (తర్వాతి ట్రాక్‌ని ముందే నేనొక్కణ్ణే వినడం) కోసం సౌండ్ కార్డు ఇంకా పెట్టలేదు, స్ప్లిట్ క్యూ ఆన్ చేసి ఒక చెవిలో మాస్టర్ (బయటికి వెళ్ళే శబ్దం) ఒక చెవిలో క్యూ వింటున్నా, ప్రాక్టీస్‌కి చాలు.

వచ్చే వారం పని మూత. బ్యాగులో పెట్టినప్పుడు ఫేడర్ కాడలు వంగకుండా 18 మిల్లీమీటర్ల ఎత్తులో కప్పాలి, దానికి ప్లైవుడ్డా ఆక్రిలిక్కా అన్నది తేలాలి. జాగ్ పైన టచ్ ప్లేట్ (చెయ్యి తగిలిందని పసిగట్టేది) ఆ తర్వాతే, అందాకా షిఫ్ట్ నొక్కి స్క్రాచ్.