లెస్టర్‌లో వేసిన ఓటు

2024 మే 13న గుంటూరులో మా వీధివాళ్లంతా ఓటు వేశారు. నాకు కుదరలేదు. విదేశంలో ఉండే భారత పౌరులు ఓటు వేయాలంటే స్వయంగా పోలింగ్ కేంద్రానికి రావాలి, నాకేమో సెలవు దొరకలేదు. ఏడు వారాల తరువాత, జూలై 4న, ఇంగ్లండులోని లెస్టర్ నగరంలో మా ఇంటి దగ్గరి చర్చి హాలుకు వెళ్లి, భారతదేశపు పాస్‌పోర్టు చూపించి, బ్రిటన్ పార్లమెంటుకు ఓటు వేసి వచ్చాను. భారత్ లాంటి కామన్‌వెల్త్ దేశాల పౌరులు అక్కడ చట్టబద్ధంగా నివసిస్తుంటే ఆ హక్కు ఉంటుంది. ఈ మాట చెబితే మా బ్రాడీపేటలో ఇప్పటికీ సగం మంది నమ్మరు.

మాది లెస్టర్ సౌత్ నియోజకవర్గం. నేను లేబర్ పార్టీకి వేశాను. గెలిస్తే మంత్రి అవుతారని అందరూ అనుకున్న ఆ పార్టీ అభ్యర్థి జొనాథన్ ఆష్‌వర్త్, గాజా విషయంలో లేబర్ వైఖరిని నిరసించిన స్వతంత్ర అభ్యర్థి షాకత్ ఆడమ్ చేతిలో 979 ఓట్ల తేడాతో ఓడిపోయారు. దేశమంతటా 411 స్థానాలు గెలిచి లేబర్ ప్రభుత్వం ఏర్పాటు చేసింది. మా వీధుల్లో మాత్రం ప్రభుత్వం ఏర్పడకముందే దాని మీద కోపం మొదలైంది.

నేను ఇళ్లకు వెళ్లి వృద్ధులనూ వికలాంగులనూ చూసుకుంటాను. గుంటూరు కొత్తపేటలో ఎనిమిదేళ్లు నర్సుగా చేసి 2022 చలికాలంలో వెళ్లాను. అక్కడ నర్సుగా నమోదు కావడానికి రాయాల్సిన పరీక్షలు ఇంకా పూర్తి కాలేదు. 2026 సంక్రాంతికి అమ్మ దగ్గరికి వచ్చినప్పుడు మా బాబాయి పేపరు మడిచి పక్కన పెట్టి అడిగారు. "అన్ని సీట్లు ఇచ్చి గెలిపించారు కదమ్మా, ఏడాదిన్నరకే మీవాళ్లకు అంత విసుగు ఎందుకొచ్చింది?" పండుగ నాలుగు రోజులూ ఆయనకు జవాబు చెబుతూనే ఉన్నాను.

మొదట మా పక్కింటి పెద్దాయన గురించి చెప్పాను. రిటైరైన బస్సు డ్రైవరు, 73 ఏళ్లు, భార్య పోయి ఒంటరిగా ఉంటున్నారు. ఆ ఏడాది ఆయనకు వచ్చే పింఛను వారానికి 221 పౌండ్ల 20 పెన్నీలు, అది తప్ప వేరే ఆదాయం లేదు. ఇల్లు వెచ్చగా ఉంచుకోవడానికి ప్రతి చలికాలం వృద్ధులకు ఇచ్చే సాయం కింద ఆయనకు 200 పౌండ్లు అందేవి. 1997 నుంచి ఉన్న సాయం అది. కొత్త ప్రభుత్వం వచ్చి నెల తిరగకముందే, జూలై 29న, ఆర్థిక మంత్రి రేచల్ రీవ్స్ ఖజానాలో 2,200 కోట్ల పౌండ్ల లోటు కనిపించిందని చెప్పి, బాగా తక్కువ ఆదాయం ఉన్నవారికి తప్ప మిగతా అందరికీ దాన్ని ఆపేశారు. దాదాపు కోటి మందికి ఆగిపోయింది. ఒంటరి మనిషికి గీసిన గీత వారానికి 218 పౌండ్ల 15 పెన్నీలు. మూడు పౌండ్ల ఐదు పెన్నీలు ఎక్కువ వస్తున్నందుకు ఆయనకు 200 పౌండ్లు పోయాయి.

ఆ చలికాలం ఆయన పగలంతా గ్రంథాలయంలో కూర్చునేవారు. చదవడానికి కాదు, అక్కడ హీటరు ఉంటుందని. సాయంత్రం నేను చారు తీసుకుని వెళితే ఇంట్లో ఓవర్‌కోటు, టోపీ వేసుకుని తలుపు తీసేవారు. జీవితంలో ఎప్పుడూ వేరే పార్టీకి వేయని మనిషి. ప్రధాని కియర్ స్టార్మర్ టీవీలో కనిపిస్తే చాలు, రిమోట్ వెతుక్కునేవారు.

2024 జూలై ఒకటో తేదీన, ఇక్కడ ఆంధ్రప్రదేశ్‌లో కొత్తగా వచ్చిన ప్రభుత్వం మా ఎదురింటి మామ్మగారి గుమ్మం దగ్గరికి 7,000 రూపాయలు తెచ్చి ఇచ్చింది. ఆ నెల పింఛను 4,000, మూడు నెలల బకాయి 3,000. అమ్మ ఫోనులో చెప్పిన ఈ సంగతి పెద్దాయనకు చెబితే, "ఇంటికే తెచ్చి ఇస్తారా?" అని రెండుసార్లు అడిగారు. నాకు గర్వంగానే అనిపించింది.

2025 జూన్‌లో ప్రభుత్వం వెనక్కి తగ్గింది. ఏడాదికి 35,000 పౌండ్లలోపు ఆదాయం ఉన్న వృద్ధులందరికీ మళ్లీ ఇస్తామంది. ఆ తరువాతి చలికాలం ఆయనకు 200 పౌండ్లు వచ్చాయి. కోపం మాత్రం అలాగే ఉంది. తప్పని తెలుసుకోవడానికి ఒక చలికాలం మొత్తం ఎందుకు పట్టిందని ఆయన అడుగుతారు. నేనూ అదే అడుగుతాను.

ఇక నన్ను నిద్రపోనివ్వని విషయం చెప్పాలి. నేను రోజూ ఉదయం ఏడు గంటలకు వెళ్లే ఇంట్లో యాభై దాటిన ఒక ఆవిడ ఉన్నారు. నరాల జబ్బు. ఇలాంటివారికి అక్కడ వికలాంగ భత్యం ఉంది, దానికి మార్కుల పద్ధతి ఉంది. భుజాల నుంచి నడుము దాకా కడుక్కోవడానికి మనిషి సాయం కావాలంటే 4 మార్కులు. నడుము కింద కడగడానికి సాయం కావాలంటే 2. పైబట్టలు వేయించాలంటే 4, కింది బట్టలు వేయించాలంటే 2. రోజువారీ పనులన్నిటిలో కలిపి 8 వస్తే భత్యం ఇస్తారు. ఆవిడకు చేతులు బాగానే ఆడతాయి. కాళ్లు కదలవు. అందుకని ఆవిడవన్నీ రెండేసి మార్కులే, రెండు రెండు కలిపి ఎనిమిది.

2025 మార్చిలో ప్రభుత్వం కొత్త నిబంధన ప్రతిపాదించింది. మొత్తం 8 వస్తే చాలదు, ఏదో ఒక పనిలో కనీసం 4 రావాలి. సంక్షేమ ఖర్చులో ఏడాదికి సుమారు 500 కోట్ల పౌండ్లు మిగలాలన్నది లెక్క. ఆ కాగితం రాసినవారు ఒక మనిషికి నడుము కింద ఎప్పుడైనా స్నానం చేయించి ఉంటే, దానికి రెండు మార్కులు వేయగలిగేవారా? ఆ మనిషి కళ్లు ఎటు చూస్తాయో, ఏ మాట మాట్లాడితే ఆ పది నిమిషాలు తేలికగా గడుస్తాయో మా బోటివాళ్లకు తెలుసు. ఆవిడ మూడు నెలలు రోజూ నా చేత ఆ పట్టిక చదివించుకున్నారు, ఎక్కడైనా ఒక నాలుగు దొరుకుతుందేమోనని. జూలై 1న సొంత పార్టీ సభ్యులే తిరగబడటంతో, ఓటింగుకు కాసేపటి ముందు ఆ నిబంధనను బిల్లులోంచి తీసేస్తామని చెప్పారు. మరునాడు ఉదయం వెళ్లేసరికి ఆవిడ ఏడుస్తున్నారు. సంతోషంతో కాదు, అలసటతో.

"ఇక్కడ కూడా దివ్యాంగుల పింఛన్లు మళ్లీ పరిశీలిస్తామని నోటీసులు ఇచ్చారమ్మా, నిరుడు ఎంత గొడవైందో నీకు తెలియదు," అన్నారు బాబాయి. తెలుసు, అమ్మ చెప్పింది. నా గర్వం అక్కడ కొంచెం తగ్గింది.

బ్రిటన్ ఇచ్చే విదేశీ సాయం మాట వచ్చేసరికి మాట్లాడటం ఆయన వంతైంది. ఆయన వాటర్‌షెడ్ పథకాల్లో పనిచేసి రిటైరయ్యారు. ప్రకాశం జిల్లా మెట్ట గ్రామాల్లో బ్రిటన్ ప్రభుత్వ నిధులతో నడిచిన గ్రామీణ జీవనోపాధుల ప్రాజెక్టులో కొన్నేళ్లు తిరిగారు. అనంతపురం, కర్నూలు, మహబూబ్‌నగర్, నల్గొండ జిల్లాల్లో కూడా అదే పథకం ఉండేది. "మన దగ్గర పట్టుకుపోయినదాంట్లో అది ఏపాటి! అయినా ఆ రాతికట్టల వెనక నీళ్లు నిలిచిన రోజు నేను చూశాను," అంటారు. భారత్‌కు ఆ రకమైన సాయం 2015తో ముగిసింది. మిగతా పేద దేశాలకు ఇచ్చేదాన్ని కూడా జాతీయాదాయంలో 0.5 శాతం నుంచి 2027 నాటికి 0.3 శాతానికి తగ్గిస్తామని 2025 ఫిబ్రవరి 25న స్టార్మర్ ప్రకటించారు. మిగిలిన డబ్బు రక్షణ వ్యయానికి పోతుంది. అభివృద్ధి శాఖ మంత్రి అనలీస్ డాడ్స్ మూడు రోజులకే రాజీనామా చేశారు. ఆ విషయంలో పక్కింటి పెద్దాయనకూ నాకూ గట్టి వాదన అయింది. ముందు మా ఇళ్లు వెచ్చబడాలి అన్నారాయన. ఆ డబ్బు మీ హీటర్లకు రావడం లేదు, ఆయుధాలకు పోతోంది అన్నాను. వారం రోజులు ఇద్దరం మాట్లాడుకోలేదు.

నాతో పనిచేసే అమ్మాయి లెస్టర్‌లోనే పుట్టింది, గుజరాతీ ముస్లిం. శనివారాల్లో క్లాక్ టవర్ దగ్గర గాజా కోసం జరిగే నిరసనలకు వెళ్తుంది. ఇజ్రాయెల్‌కు ఆయుధాల ఎగుమతి అనుమతులు సుమారు 350 ఉంటే, 2024 సెప్టెంబరులో దాదాపు 30 మాత్రమే ఆపారని లెక్క చెబుతుంది. 2025 సెప్టెంబరు 21న పాలస్తీనాను దేశంగా గుర్తించినప్పుడు కూడా ఆమె ముఖంలో వెలుగు కనిపించలేదు.

ఇన్ని రకాల కోపాలకు ఆ ప్రభుత్వం జవాబు చెప్పుకోవాల్సిన చోట మా బోటి వలస పనివాళ్లను ముందు నిలబెట్టింది. 2025 మే నెల మొదట్లో స్థానిక ఎన్నికల్లో వలసలను వ్యతిరేకించే రిఫార్మ్ పార్టీ దూసుకొచ్చింది. మా నగరం చుట్టూ ఉన్న కౌంటీ కౌన్సిల్‌లో కూడా అదే పెద్ద పార్టీ అయింది. మే 12న స్టార్మర్, దేశం "అపరిచితుల దీవి"గా మారే ప్రమాదం ఉందన్నారు. ఆ ప్రసంగం టీవీలో వస్తున్నప్పుడు నేను ఒక ముసలమ్మకు అన్నం తినిపిస్తున్నాను. ఆమె నా చేయి తట్టి, "నీ గురించి కాదులే, మిగతావాళ్ల గురించి," అంది. ప్రేమతోనే అంది. ఆ మిగతావాళ్లెవరో నాకు తెలుసు. నా గదిలో నాతోపాటు అద్దె పంచుకునేవాళ్లు, రాత్రి డ్యూటీకి నాతో బస్సెక్కేవాళ్లు. ఆ మాట వాడినందుకు చింతిస్తున్నానని ప్రధాని జూన్‌లో అన్నారు. వలసల మీద ప్రకటించిన ఆంక్షలు మాత్రం మారలేదు.

జూలై 22న విదేశాల నుంచి సంరక్షణ పనివాళ్లను కొత్తగా తీసుకోవడం ఆపేశారు. రెండు రోజుల తరువాత, 24న, అదే దేశం భారత్‌తో వాణిజ్య ఒప్పందం మీద సంతకం చేసింది. మన ఎగుమతుల్లో సుమారు 99 శాతం రకాలకు సుంకం తీసేస్తారట. మన సరుకు కావాలి, మనిషి వద్దు. అదే పనికి వెళ్దామని మా అక్క కూతురు విజయవాడలో ఒక ఏజెంటుకు కట్టిన రెండు లక్షల్లో ఒక లక్ష వెనక్కి వచ్చింది.

నవంబరులో ఇంకో ప్రతిపాదన వచ్చింది. స్థిర నివాసానికి ఐదేళ్లు చాలవు, మా బోటి పనివాళ్లకు పదిహేనేళ్లు కావాలట. ఇప్పటికే అక్కడ ఉన్నవాళ్లకు కూడా. 2027 అనుకుంటున్నది 2037 అవుతుంది. కనుమ నాడు గారెలు వేస్తూ అమ్మ, "అప్పటికి నాకు ఎన్నేళ్లు వస్తాయే?" అని అడిగింది. డెబ్బై తొమ్మిది అని చెప్పలేక పిండి కలుపుతూ ఉండిపోయాను.

ప్రయాణం ముందు రోజు అక్క కూతురు వచ్చింది. బీఎస్సీ నర్సింగ్ చేసిన పిల్ల, చేతిలో కొత్త నోటుపుస్తకం.

"పిన్నీ, విజయవాడలో జర్మన్ భాష తరగతుల్లో చేరాను. తొమ్మిది నెలలు పడుతుందన్నారు. అక్కడ కూడా పోయిన ఏడాది మేలో కొత్త ప్రభుత్వం వచ్చిందట కదా? అది ఎలాంటిది?"

నోటుపుస్తకం తీసుకుని మొదటి పేజీ చూశాను. ఒకటి నుంచి ఇరవై దాకా జర్మన్ అంకెల పేర్లు తెలుగు లిపిలో రాసుకుంది. చివరి నుంచి అప్పజెప్పమన్నాను.