వంక నీళ్లు ఎక్కడ తేలతాయి: నాపరాయి నేలలో రంగు పోసి చూసిన అనుభవం

నంద్యాల జిల్లాలో బేతంచెర్ల, కొలిమిగుండ్ల వైపు కాళ్ల కింద ఉండేది నాపరాయి. నిండుగా పారే వంక కూడా ఒక గుంత దగ్గరికొచ్చి లోపలికి దిగిపోతుంది. బేలుం గుహల్లో పాతాళగంగ కళ్ల ముందే బండ కిందికి దూరిపోవడం చూసినవాళ్లకు ఇది కొత్త కాదు. సున్నపురాయిలో నీళ్లు పగుళ్లు, పొరల సందులు పట్టుకుని పోతాయి కాబట్టి, పైన నేల వాలును చూసి కింది దారి చెప్పలేం. రంగు పోసి వెతకాల్సిందే. 1877లో జర్మనీలో డాన్యూబ్ నది నీళ్లు ఇంకిపోయే చోట ఫ్లోరెసిన్ అనే ఆకుపచ్చగా మెరిసే రంగు 10 కిలోలు పోస్తే, దాదాపు 60 గంటలకు 12 కిలోమీటర్ల అవతల ఆఖ్ ఊటలో తేలింది. మేం చేసిందీ అదే పని. కాకపోతే రంగు కిలోల్లో కాదు, గ్రాముల్లో.

రంగు పోయడం రెండు నిమిషాల పని. అసలు పని అంతకు రెండు నెలల ముందే మొదలైంది. ఏప్రిల్‌లో వంకల వెంట నడిచి ఊటలు వెతికాం. ఎండాకాలంలోనూ తడి ఆరని చోటే ఊట. నీటి అడుగున ఊరేదాన్ని కంటితో పట్టలేం. నీటిలో కరిగిన లవణాలను బట్టి అంకె చూపే విద్యుత్ వాహకత మీటరు ముంచుతూ నడిస్తే అంకె ఒక్కసారిగా మారిన చోట తెలుస్తుంది. ఇక్కడ ఒక్క ఊటను వదిలేసినా ఆ తర్వాత చేసేదంతా వృథా. రంగు అక్కడే బయటపడి ఉంటే మనకు ఎప్పటికీ తెలియదు. నేల కింద నీటి వాలు తెలియడానికి బావుల నీటిమట్టాలూ కొలిచాం. దీనికి చేతి జీపీఎస్ ఎత్తును నమ్మొద్దు, మీటర్ల కొద్దీ తప్పుతుంది. సర్వేలో ఎత్తులు కొలిచే ఆటో లెవల్ పెట్టి బావి ఒరల ఎత్తు కొలిచి, నీటి లోతు అందులోంచి తీసేశాం.

ఏ రంగు పోయాలన్నది తర్వాతి ప్రశ్న. బట్టలు ఉతికే రేవులున్న చోట ఆప్టికల్ బ్రైటెనర్ పనికిరాదు, సబ్బుపొడిలో ఉండేదే అది. రోడమైన్ అనే గులాబీ రంగు బంకమట్టికి అతుక్కుంటుంది. పైగా హోలీ రంగుల్లో కూడా రోడమైన్ జాతి రంగు కలుస్తుంటుంది. ఫ్లోరెసిన్ తక్కువగా అతుక్కుంటుంది, చాలా తక్కువ మోతాదులో ఉన్నా పసిగట్టొచ్చు. అయితే ఎండకు విరిగిపోతుంది, ఆమ్ల నీటిలో వెలుగు తగ్గుతుంది. సున్నపురాతి నీరు క్షారం వైపే ఉంటుంది కనుక ఆ రెండో చిక్కు మాకు లేదు.

ఎంత రంగు పోయాలో లెక్కకు వర్తింగ్టన్, స్మార్ట్ అనే పరిశోధకుల సూత్రం వాడాం. దూరం మీటర్లలో, ఊట ప్రవాహం సెకనుకు ఘనపు మీటర్లలో, కావలసిన గరిష్ఠ గాఢత ఘనపు మీటరుకు గ్రాముల్లో తీసుకుని మూడూ గుణించాలి. వచ్చినదాన్ని 0.95 ఘాతానికి పెంచి 19తో గుణిస్తే ఎన్ని గ్రాములో వస్తుంది. 2000 మీటర్లు, 0.05, 0.01 అనుకుంటే లబ్ధం 1, రంగు 19 గ్రాములు. కొన్న పొడి 75 శాతం శుద్ధమైతే 25 గ్రాములు తూచాలి. గ్లాసులో పోసుకుంటే రంగు కనిపించనంత పలుచగానే తేలుతుంది. అయినా తాగునీటి బావులున్న పంచాయతీకి, గ్రామీణ నీటి సరఫరా వారికి ముందే చెప్పాలి. చెప్పకుండా పోయడం తప్పు.

రంగును పట్టేది కొబ్బరి చిప్పల యాక్టివేటెడ్ బొగ్గు. ఫైబర్ దోమల జాలీని అరచేయంత సంచిగా కుట్టి, 10 నుంచి 15 గ్రాముల బొగ్గు పోసి, దుమ్ము పోయేదాకా కడిగి, తీగతో రాయికి కట్టి పారే నీటిలో నీడపట్టున వదలాలి. నిలవ నీటిలో వేస్తే ఏమీ పట్టదు, బురదలో కూరుకున్నా అంతే. బోరుకైతే మోటారు నీళ్లు పడే తొట్టిలో. ప్రతి చోటా రెండేసి కట్టాం, ఎందుకంటే పశువులు తొక్కుతాయి, పిల్లలు పీకుతారు. రంగు పోయకముందే రెండు వారాలపాటు ఇవి వేసి చూడాలి. మాకు ఒక బావిలో రంగు పోయకముందే ఫ్లోరెసిన్ కనిపించింది. పక్కనే ట్రాక్టర్లు కడుగుతారు, రేడియేటర్ కూలెంట్ ఆకుపచ్చ రంగు అదే. ఆ రెండు వారాలు ఓపిక పట్టకపోయి ఉంటే దాన్నే ఫలితమని రాసుకునేవాళ్లం.

పొడిని గాలిలో విప్పకూడదు. గదిలోనే 5 లీటర్ల క్యానులో కలిపి మూత బిగించి తీసుకెళ్లాం. రంగు పోసే మనిషి వేరు, బండి వేరు. ఆ మనిషి సంచుల జోలికి రాకూడదు. గోరులో మిగిలిన రవ్వ చాలు, లేని దారిని ఉందనిపించడానికి. వంక పారని గుంత అయితే 5000 లీటర్ల ట్యాంకరు తెప్పించి, సగం ముందు పోసి, రంగు పోసి, మిగతా సగంతో తోయాలి. లేకపోతే రంగు మట్టిలోనే ఉండిపోతుంది.

వారానికోసారి సంచులు మార్చి, చీటీ పెన్సిల్‌తో రాసి, ఐస్ పెట్టెలో చీకట్లో తెచ్చాం. ఏ నీటిలోనూ వేయని సంచి ఒకటి పెట్టెలోనే తిరిగి వచ్చింది. దానిలో రంగు కనిపిస్తే ఆ వారం లెక్కలోకి రాదు. ల్యాబులో క్లోరిన్ లేని నీటితో కడిగి, సగం బొగ్గు దాచి, పట్టిన రంగు వదిలేలా మిగతా సగాన్ని 70 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో 5 శాతం పొటాషియం హైడ్రాక్సైడ్ కలిపిన ద్రావణంలో గంట నానబెట్టాం. రంగు వెలుగును కొలిచే స్పెక్ట్రోఫ్లోరోమీటరులో, ఫ్లోరెసిన్ వెలిగే 515 నానోమీటర్ల దగ్గర శిఖరం లేచి, మొదటి రెండు వారాల అంకెకు పది రెట్లు దాటితేనే అవునన్నాం.

బొగ్గు చెప్పేది ఆ వారంలో రంగు వచ్చిందా లేదా అనే. ఎప్పుడు, ఎంత అన్నది చెప్పదు. అందుకే అవునన్న చోట రెండోసారి రంగు పోసి, గంటగంటకూ గోధుమరంగు సీసాల్లో నీళ్లు పట్టాం. గాఢత రేఖ కింది వైశాల్యాన్ని ప్రవాహంతో గుణిస్తే తిరిగొచ్చిన రంగు తెలుస్తుంది. పోసినదానిలో పెద్ద భాగం రాలేదంటే మనం చూడని ఊట మరోటి ఉందేమో వెతకాలి. రేఖకు రెండు శిఖరాలుంటే నీళ్లు కింద రెండు పాయలుగా చీలి ఉండొచ్చు. రంగు రాలేదంటే మాత్రం దారి లేదని రాయకూడదు. ఇంకా దారిలో ఉండొచ్చు, పరికరానికి అందనంత పలుచబడి ఉండొచ్చు.

పటం మీద గుంత నుంచి ఊటకు గీసే బాణం నీళ్లు నిజంగా నడిచిన దారి కాదు, కొసలు రెండూ కలిశాయన్న రుజువు మాత్రమే. నీటిమట్టాల రేఖల్లో లోయలా వంగిన చోటు వెంట దాన్ని వంచి గీశాం, ఊహ కాబట్టి చుక్కల గీతగా. పక్కన తేదీ, ఆ రోజు వంక ప్రవాహం రాశాం. వరదలో కింది సొరంగాలు నిండితే నీళ్లు పొర్లి వేరే ఊటకు మళ్లవచ్చు. ఆ బాణాలకు మరో రంగు కేటాయించి, అదే గుంతలో సెప్టెంబరు వానలకు మళ్లీ పోయడానికి పొడి తూచి పెట్టుకున్నాం.