లెక్క ఏ రోజున ఆపాలి?

మానవతా కారణాలు చూపి సాగిన సైనిక జోక్యాల ఫలితాల గురించి ఆరు నెలలుగా చదువుతున్నాను. హనుమకొండలో మా ఇంటి గోడకు ఒక డ్రాయింగు షీటు అంటించి, దేశం పేరు, జోక్యం మొదలైన తేదీ, ముగిసిన తేదీ అని గళ్లు గీసుకున్నాను. మొదటి రెండూ సులువుగానే నిండాయి కానీ, మూడవ గడిలో రాసి చెరిపిన పెన్సిలు మరకలే మిగిలాయి.

అల్బేనియన్లు అధికంగా ఉన్న సెర్బియా ప్రాంతం కొసావోలో 1999 మార్చి 24న నాటో మొదలుపెట్టిన బాంబు దాడులు 78 రోజులు సాగాయి. అవి మొదలయ్యాకే సెర్బు బలగాలు అల్బేనియన్లను తరిమివేయడం ఉధృతమై, 8 లక్షల మందికి పైగా సరిహద్దులు దాటారు. మే నెలలో లెక్క కట్టినవారు జోక్యం బెడిసికొట్టిందనే అంటారు. జూన్‌లో సెర్బు సేనలు వైదొలగాక ఆ శరణార్థుల్లో అత్యధికులు కొద్ది వారాల్లోనే ఇళ్లు చేరారు కనుక, ఆగస్టులో లెక్క కట్టినవారికి అదే జోక్యం విజయంగా కనిపిస్తుంది. ప్రతీకారానికి జడిసి అదే వేసవిలో ఊళ్లు విడిచిన సెర్బులను, రోమా (జిప్సీ) ప్రజలను కలుపుకుంటే లెక్క మళ్లీ మారుతుంది.

లిబియాదీ ఇదే చిక్కు. భారత్ సహా 5 దేశాలు ఓటు వేయకుండా ఊరుకున్న ఐక్యరాజ్యసమితి భద్రతా మండలి 1973 నంబరు తీర్మానంతో 2011 మార్చిలో మొదలైన జోక్యం అక్టోబరు 31న ముగిసిందని కాగితాలు చెబుతాయి. 2014లో ఆ దేశం మళ్లీ అంతర్యుద్ధంలో పడింది. ఇక రువాండాలో 1994 ఏప్రిల్‌లో టుట్సీ తెగవారి ఊచకోత సాగుతుండగానే భద్రతా మండలి శాంతిసేనను 270 మందికి కుదించింది. రాని సైన్యం ఫలితాన్ని ఏ గడిలో రాయాలి?

ఈ ప్రశ్న నాకు పుస్తకాల్లో కన్నా ముందే బైరాన్‌పల్లిలో ఎదురైంది. 1948 ఆగస్టు 27న రజాకార్లు ఆ ఊరి మీద పడ్డారు. భారత సైన్యం హైదరాబాదు సంస్థానంలోకి అడుగుపెట్టింది సెప్టెంబరు 13న. బురుజు నీడలో కూర్చున్న ఒక పెద్దాయన, "మిలట్రీ ఇరవై దినాలు ముందు అచ్చినా మావోళ్లు బతికేటోళ్లు" అన్నారు. పోలీసు చర్య అని పేరు పెట్టిన ఆ దండయాత్రను మానవతా జోక్యాల పట్టికలో చేర్చవచ్చా అన్నది వేరే వాదన. ఆయన లెక్క మాత్రం నిక్కచ్చిగా ఉంది.

అయితే మా వీధిలోనే, బీదరు వైపు నుంచి వచ్చి స్థిరపడిన ఒక ముస్లిం కుటుంబం ఉంది. వాళ్లింట్లో ఆ ఏడాది మాట ఎత్తరు. నిజాం లొంగిపోయిన తరువాత జరిగిన ముస్లింల హత్యలపై విచారించిన, భారత ప్రభుత్వం పంపిన సుందర్‌లాల్ కమిటీ, తక్కువలో తక్కువ 27,000 నుంచి 40,000 మంది చనిపోయి ఉంటారని అంచనా వేసింది. బాగా దెబ్బతిన్న జిల్లాల్లో బీదరు ఒకటి. లెక్కను నిజాం లొంగిపోయిన సెప్టెంబరు 17న ఆపితే ఆ కుటుంబం నా షీటులోకే రాదు.

అందుకే మూడవ గడిని నిలువునా రెండుగా చీల్చి, ఒకదానిపై "కాల్పులు ఆగిన తేదీ" అనీ, రెండవదానిపై "పదేళ్ల తరువాత" అనీ రాసుకున్నాను. షీటు చాలక కింద ఇంకొకటి అంటించవలసి వచ్చింది.