బోర్డు మీద గీసిన బాణం

హైదరాబాదులో ఇంటర్ విద్యార్థులకు వృక్షశాస్త్రం బోధిస్తూ, అనులేఖనం (డీఎన్‌ఏ నుంచి ఆర్‌ఎన్‌ఏ నకలు తయారవడం) పాఠం చివర కేంద్రకం నుంచి కణద్రవ్యంలోకి తిన్నగా ఒక బాణం గీసి, జన్యువు సందేశాన్ని మోసే నకలైన ఎంఆర్‌ఎన్‌ఏ ఇలా బయటికి వస్తుందని చెప్పి చాలా ఏళ్లు సరిపెట్టాను. ఆ గీత ఇప్పుడు నాకు ఎంతమాత్రం సమ్మతం కాదు.

కేంద్రకంలో ఎంఆర్‌ఎన్‌ఏను మోసుకుపోయే మోటారు ప్రొటీనూ లేదు, అది బయటపడే కేంద్రక త్వచపు రంధ్రం దాకా వేసి ఉంచిన దారీ లేదు. 2004లో యారన్ షావ్-టాల్, రాబర్ట్ సింగర్‌ల బృందం ఒక ఎంఆర్‌ఎన్‌ఏకు ఎంఎస్2 అనే బాక్టీరియోఫేజ్ (బాక్టీరియాకు సోకే వైరస్) నుంచి తీసుకున్న గుర్తులను జోడించి, వాటికి అంటుకునే వెలుగు ప్రొటీను సాయంతో, బతికి ఉన్న కణంలో ఒక్కొక్క ఎంఆర్‌ఎన్‌ఏ రేణువునే వెంబడించి చూసినప్పుడు, వాటి కదలిక కేవలం వ్యాపనమేనని, అంటే దిక్కు లేని తిరుగుడేనని తేలింది. నుమాయిష్ గుంపులో కొట్టుకుపోయే మనిషికైనా ఎక్కడికో చేరాలన్న తలంపు ఉంటుంది, దీనికి అదీ లేదు. మరి కణానికి శక్తినిచ్చే ఏటీపీ తగ్గితే ఈ కదలిక ఎందుకు కుంటుపడుతుంది? అప్పుడు డీఎన్‌ఏ, ప్రొటీన్లు కలిసిన క్రోమాటిన్ దగ్గరగా ముడుచుకుని మధ్య ఖాళీలను మూసివేస్తుంది. రేణువు మిగిలిన సందులలో మాత్రమే తిరుగుతుంది. శక్తి ఖర్చయ్యేది దాన్ని నడపడానికి కాదు, సందులను తెరిచి ఉంచడానికి. ఈ అధ్యయనమంతటిలో నన్ను ఎక్కువగా కదిలించినది ఇదే.

కేంద్రకం లోపల ఏది ఎక్కడ ఉంటుందన్న విషయంపై మన ఊళ్లోనూ పరిశోధన జరిగింది. కేంద్రకానికి ఆధారంగా నిలిచే లామిన్ అనే ప్రొటీను చుక్కలు, ఆర్‌ఎన్‌ఏను కత్తిరించి అతికే స్ప్లైసింగ్ కారకాలున్న చోటనే కనిపిస్తాయని 1999లో హైదరాబాదులోని కణ, అణు జీవశాస్త్ర పరిశోధన కేంద్రమైన సీసీఎంబీకి చెందిన వీణా పర్నాయక్ బృందం ప్రకటించింది.

దిక్కు అనేది రంధ్రం దగ్గరే ఏర్పడుతుంది. ఎంఆర్‌ఎన్‌ఏను రంధ్రం గుండా దాటించే ఎన్‌ఎక్స్‌ఎఫ్1 ప్రొటీనును అవతలి ఒడ్డున డీబీపీ5 అనే ఎంజైము ఏటీపీ ఖర్చుతో ఊడదీస్తుంది కనుక, దాటినది మళ్లీ లోపలికి రాలేదు. బీటా-ఆక్టిన్ ఎంఆర్‌ఎన్‌ఏకు ఈ పని మొత్తానికి సుమారు 180 మిల్లీసెకన్లు పడుతుందనీ, అందులో అసలు దాటడానికి పట్టేది 5 నుంచి 20 మాత్రమేననీ, తక్కినదంతా రంధ్రం అంచున పట్టు చిక్కించుకోవడానికీ విడిపించుకోవడానికీ సరిపోతుందనీ 2010లో గ్రున్‌వాల్డ్, సింగర్ కొలిచి చూపారు. చిరోనమస్ కీటకపు లార్వా లాలాజల గ్రంథి కణాలలోనైతే, రంధ్రాన్ని తాకిన రేణువులలో దాదాపు నాలుగింట ఒక వంతే బయటపడ్డాయని 2012లో కుబిట్‌షెక్ బృందం గమనించింది.

అందువల్ల ఇప్పుడు నేను జన్యువు దగ్గర సుద్దముక్క ఆనించి, వంకరలు తిరుగుతూ వెళ్లి త్వచాన్ని తాకి వెనక్కి మళ్లే గీతనే గీస్తున్నాను; మూడుసార్లు మళ్లిన తరువాత, నాలుగోసారి బయటికి పోనిస్తాను.