జీతం కంటే ముందు డ్యూటీ రోస్టర్ అడగండి

సెలవుకి రాజోలు వచ్చినప్పుడల్లా మా వైపు నర్సింగ్ చదివిన పిల్లలు ఇంటికి వస్తుంటారు. "అక్కా, కువైట్‌లో జీతం ఎంతిస్తారు? రూమ్ వాళ్లదేనా?" అని అడుగుతారు. రోస్టర్‌లో, అంటే డ్యూటీల పట్టికలో, నైట్లు వరసగా ఎన్ని వేస్తారని అడిగిన పిల్ల ఇంతవరకు లేదు. నా దిగులంతా అక్కడే.

నేను కువైట్‌లోనే ఐసీయూ నర్సుగా చేస్తాను. రాత్రి ఏడు నుంచి పొద్దున ఏడు దాకా డ్యూటీ. తర్వాతి నర్సుకి రోగుల వివరాలు అప్పజెప్పి (హ్యాండోవర్ అంటాం) బయటపడేసరికి ఇంకో అరగంట. అర్ధరాత్రి వరకు ఏమీ అనిపించదు, మూడు దాటాకే కష్టం. రొయ్యల చెరువులున్న ఇళ్లలో ఇది ఇట్టే అర్థమవుతుంది. చెరువులో ఆక్సిజన్ బాగా పడిపోయేది తెల్లవారుజామునే, అందుకే ఆ వేళ నీళ్లలో గాలి కలిపే ఏరేటర్లు ఆపరు. మనిషికీ ఒంట్లో వేడి తగ్గి, చురుకు అడుగంటేది ఇంచుమించు అప్పుడే. అది బద్ధకం కాదు. కాఫీతో పూర్తిగా పోయేదీ కాదు.

సరిగ్గా ఆ వేళకే, రోగికి మందు కొంచెం కొంచెంగా ఎక్కించే సిరంజి పంపులో మందు అయిపోతుంది. కళ్లు తెరిచే ఉంటాయి, లేబుల్ చదువుతాం, తలకెక్కదు, మళ్లీ చదువుతాం. మోతాదు 1.0 అని రాసి ఉంటే చుక్క కంటికి ఆనక 10 అయిపోతుంది. అందుకే అలా సున్నా రాయొద్దని మాకు నేర్పిస్తారు. ఇన్సులిన్, రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే హెపారిన్ లాంటివైతే రెండో నర్సు కూడా చూసి సంతకం పెట్టాలి. ఆవిడా రాత్రంతా మేలుకున్న మనిషే కదా! అందుకని నా లెక్క ముందు చెప్పను, ఆవిణ్ని విడిగా కట్టమంటాను.

అన్నిటికంటే మొదటి నైటే ప్రమాదం. పొద్దున ఎనిమిదికి లేచి, మధ్యాహ్నం పడుకోకుండా డ్యూటీకెళితే రాత్రి ఒంటిగంటకే 17 గంటలు మేలుకున్నట్టు. అంతసేపు మెలకువగా ఉన్నవాళ్ల పనితీరు, రక్తంలో 0.05 శాతం ఆల్కహాల్ ఉన్నవాళ్ల స్థాయికి పడిపోతుందని 1997లో డాసన్, రీడ్ అనే పరిశోధకులు చూపించారు. మన దేశంలో 0.03 శాతం దాటితే చాలు, డ్రంకెన్ డ్రైవ్ కేసు. అందుకే మొదటి నైటుకి ముందు మధ్యాహ్నం ఒక నిద్ర తియ్యాల్సిందే.

ఇంట్లోవాళ్లకీ ఒక మాట. కువైట్ మనకంటే రెండున్నర గంటలు వెనక. మీరు భోజనాలయ్యాక ఒంటిగంటకి తీరిగ్గా ఫోన్ చేస్తే, అక్కడ పదిన్నర. నైట్ చేసొచ్చిన పిల్లకి అప్పుడే గాఢనిద్ర పట్టి ఉంటుంది. "పడుకున్నావా అమ్మా? సరే పడుకో" అని పెట్టేస్తారు. ప్రేమతోనే, కానీ పోయిన నిద్ర తిరిగి రాదు. సాయంత్రం ఏడు తర్వాత చెయ్యండి.

ఇక పిల్లలూ, ఇంటర్వ్యూలో ఇవి అడగండి. నైట్లు వరసగా ఎన్ని? నైట్ దిగాక ఆఫ్ ఎంత? డ్యూటీ మార్చేటప్పుడు పొద్దున, సాయంత్రం, రాత్రి వరసలోనే మారుస్తారా? వెనక్కి తిప్పితే ఒళ్లు సర్దుకోవడం ఇంకా కష్టం. పన్నెండు గంటలయ్యాక ఓవర్‌టైమ్‌కి ఆపుతారా? అమెరికా నర్సుల మీద 2004లో వచ్చిన అధ్యయనంలో పన్నెండున్నర గంటలు దాటిన షిఫ్టుల్లో పొరపాట్ల ముప్పు దాదాపు 3 రెట్లు తేలింది. "అవన్నీ వెళ్లాక చూసుకోవచ్చులే" అని ఇంటర్వ్యూ చేసేవాళ్లంటే, సంతకం పెట్టకముందే ఒప్పందంలో పని గంటలు ఎక్కడ రాశారో చూపించమనండి.