బోర్డులు కట్టేవాడి గోల

నేను దుబాయ్‌లో చేసేది సైన్ బోర్డుల పనండి. మా ఇంట్లో వాళ్ళు "అడ్వర్టైజింగ్ కంపెనీలో జాబ్" అని చెప్పుకుంటారు గానీ అంత సీనేం లేదు. అల్ కోజ్‌లో ఒక షెడ్డు, ప్రింటయిన వినైల్ రోల్సు లారీకెక్కించడం, రాత్రి ట్రాఫిక్ తగ్గాక వెళ్ళి రోడ్డు పక్క పెద్ద హోర్డింగులకి పాతది పీకి కొత్తది బిగించి తెల్లారేలోపు దిగిపోవడం, అంతే. పొద్దున్న ఆఫీసులకెళ్ళేవాళ్ళు చూసేసరికి నిన్న కారున్న చోట ఇవాళ సెంటు సీసా ఉంటుంది, మధ్యలో మేమొకళ్ళం ఉన్నామని ఎవడికీ తట్టదు.

మాది రాజోలు పక్క పల్లెటూరు. సంక్రాంతికి సెలవు పెట్టి వచ్చా. రావులపాలెం దాటి లోపలికి తిరిగిన కాడ్నుంచీ నా చూపంతా ఫ్లెక్సీల మీదే, ఏ ఫ్రేము ఎలా కట్టారు, ఏ గుడ్డ వదులైంది, ఏ మూల చిరిగింది అని. మా ఆవిడ "అక్కడా అయ్యే, ఇక్కడా అయ్యేనా, పిల్లల మొహం చూడండి" అని ఒకటే సణుగుడు. తీరా ఊరి మొగదల్లో చూద్దును కదా నా మొహమే ఉంది! "దుబాయ్ నుండి విచ్చేసిన మా ప్రియమిత్రునికి హార్దిక స్వాగతం" అని, చుట్టూ మా బ్యాచ్ మొత్తం కూలింగ్ గ్లాసులు పెట్టుకుని, అడుగున చికెన్ సెంటర్ పేరు, ఫోన్ నంబరు, పండక్కి ఆర్డర్లు తీసుకోబడును. నా ఫోటో కన్నా కోడి ఫోటో పెద్దది. ముందు సిగ్గేసింది గానీ తర్వాత ఆలోచిస్తే ఇది మామూలు తెలివి కాదనిపించింది, ఎందుకంటే వట్టి చికెన్ సెంటర్ ఫ్లెక్సీ అయితే ఎవడు ఆగి చూస్తాడు, నేను ఉన్నాను కాబట్టి మా పెద్దమ్మ కూడా కళ్ళజోడు పెట్టుకొచ్చి మరీ చదివింది.

ఇది మా బామ్మర్దికి చెబితే వాడు నవ్వాడు. వాడికి అమలాపురంలో ఫ్లెక్సీ షాపుంది. "అంతే బావా, మొహాల్లేకపోతే ఫ్లెక్సీ అడగరు. ఎన్ని మొహాలుంటే అంతమంది తలో చెయ్యి వేస్తారు, అందులో ఒకడు బట్టల కొట్టాయనో మోటార్ షెడ్డాయనో ఉంటాడు, ఆడి పేరు కాస్త లావుగా పెడతాం, ఆడు కాస్త ఎక్కువిస్తాడు" అన్నాడు. అంటే కొట్టు ప్రకటన అని ఎక్కడా ఉండదు, పుట్టినరోజో, పండగ శుభాకాంక్షలో, అయ్యప్ప పడిపూజో ఉంటుంది, సరుకు దాని చాటున నడిచిపోతుంది.

దుబాయ్‌లో ఇలా కుదరదండి. అక్కడ కంటికి కనిపించే ప్రతి జాగాకీ ఒక ఓనరుంటాడు, ఒక పర్మిట్టుంటుంది, ఒక రేటుంటుంది. పర్మిట్ కాయితం సూపర్‌వైజర్ చేతిలో లేకపోతే మేము లిఫ్టెక్కం. షాపు బోర్డు మీద అరబిక్ ఉండాల్సిందే. మెట్రో స్టేషన్ల పేర్లు కూడా అమ్ముతారు తెలుసా. 2009 సెప్టెంబర్ 9న మెట్రో మొదలైంది, అప్పట్నుంచే కంపెనీలు డబ్బు కట్టి స్టేషన్‌కి తమ పేరు పెట్టుకుంటాయి. కరామాలో మన తెలుగోళ్ళు బాగా తిరుగుతారు, కొత్తగా వచ్చిన కుర్రాడికి "కరామాలో దిగు" అని చెబితే వాడు బోర్డులు చూస్తూ కూర్చుని ముందుకెళ్ళిపోతాడు, ఎందుకంటే ఆ స్టేషన్ పేరు ఏడీసీబీ, ఒక బ్యాంకు. ఒప్పందం అయిపోయి ఇంకో కంపెనీ వస్తే మ్యాపులు, బోర్డులు, రైల్లో వినిపించే గొంతు అన్నీ మార్చాలి. ఆ మార్పులే మా షెడ్డు లాంటి వాటికి కూడు.

ఇదేదో పెద్ద వింత అని ఊళ్ళో చెబుదామనుకున్నా. కానీ భోగి నాడు గుడికెళితే పైన తిరిగే ఫ్యాను రెక్కల మీద దాత పేరు, ట్యూబ్‌లైటు మీద సగం వెలుతురు అడ్డేలా దాత పేరు, బయట సిమెంటు బల్ల మీద "కీర్తిశేషులు ఫలానా వారి జ్ఞాపకార్థం" కింద కొడుకు నడిపే ఎరువుల దుకాణం పేరు. ఎండాకాలం చలివేంద్రం పెడితే కుండల కన్నా బ్యానరే పెద్దది. పేర్లు పెట్టుకోడంలో మనం ఆళ్ళ కన్నా ముందే ఉన్నాం, కాకపోతే మనకి టెండర్ లేదు.

నేను అసలు ఈ పనిలోకొచ్చింది ఫ్లెక్సీల వల్ల కాదు, గోడరాతల వల్ల. పాలకొల్లులో ఒక ఆర్టిస్టుగారి దగ్గర డబ్బాలు మొయ్యడానికి చేరా. సిమెంటు కంపెనీలు, ఎరువుల కంపెనీలు రోడ్డువారగా మంచి గోడ చూసి రాయించుకునేవి, ఇంటాయన కూడా ఏమనేవాడు కాదు, గోడకి ఊరికే సున్నం పడుతుంది కదా అని సంబరం. సున్నం కొట్టి ఆరాక దారానికి నీలిమందు పూసి ఈ చివర నేను, ఆ చివర గురువుగారు పట్టుకుని బిగించి మధ్యలో లాగి వదిలితే టప్‌మని గోడ మీద తిన్నగా గీత పడేది. ఆ గీతల మధ్య అక్షరాలు. కింద గీతకీ ఆ కింద లైనుకీ మధ్య జానెడు వదలాలి, వదలకపోతే "వత్తులెక్కడ పెడతావురా, నీ నెత్తి మీదా?" అని తిట్టేవారు. లక్ష్మి అని రాస్తే ఆ క్ష్మి ఎంత కిందకి దిగుతుందో చూడండి, ఇంగ్లీషు అక్షరాలకి ఆ బాధ లేదు. మొత్తం రాశాక కింద మూలన చిన్నగా "ఫలానా ఆర్ట్స్, పాలకొల్లు" అని సంతకం, అది ఆయన సొంత ప్రకటన, దానికి ఎవడూ డబ్బులడగడు. ఫ్లెక్సీ మిషన్లు వచ్చాక ఆయన రోజంతా రాసేది గంటలో బయటికొచ్చేసేది, ఇంక గోడలెవడికి కావాలి. ఇప్పుడాయన ట్రాక్టర్ ట్రక్కుల వెనకాల, నరసాపురం వైపు పడవల మీద పేర్లు రాస్తున్నారట. నేను ఏజెంటుకి డబ్బు కట్టి విమానమెక్కేశా.

గల్ఫ్ వెళ్ళాక తెలిసిందేంటంటే ఎంత పెద్ద ఊరైనా కాయితం ముక్క ప్రకటన చావదు. బుర్జ్ ఖలీఫా 828 మీటర్ల టవరు మీద లైట్లతో కంపెనీ ప్రకటనలు ఆడతాయి, దానికి ఎంతవుతుందో మా షెడ్డులో రోజూ పందేలే. అదే ఊళ్ళో సత్వా సందుల్లో కరెంటు స్తంభానికి "బెడ్ స్పేస్ కలదు, ఆంధ్రా బ్యాచిలర్స్ ఓన్లీ" అని తెల్ల కాయితం, అంటే గదిలో ఒక మంచం మటుకు అద్దెకి, కింద ఫోన్ నంబరు తోరణంలా కత్తిరించి ఉంటుంది, కావల్సినవాడు ఒక ముక్క చింపుకుపోతాడు. అంటించడం నేరమే, ఫైన్ వేస్తారు, అయినా తెల్లారితే కొత్తవి పుడతాయి. నాకు మొదటి మంచం దొరికింది అలాంటి ముక్కతోనే.

ఇంకొకటి, దుబాయ్‌లోనే పనోళ్ళుండే సోనాపూర్ క్యాంపులో మా రూములో మేకుకి ఒక గుడ్డ సంచి వేలాడుతుంటుంది, రాజమండ్రి బట్టల కొట్టు వాళ్ళది, ఎవరి పెళ్ళికో చీరలు కొన్నప్పుడిచ్చింది. రంగు పోయింది గానీ పేరు పోలేదు. నేపాల్ కుర్రాడు కూడా ఆ సంచిలోనే ఉల్లిపాయలు తెస్తాడు. ఆ కొట్టాయన ఏ పర్మిట్టూ లేకుండా దుబాయ్‌లో బోర్డు పెట్టేసినట్టే కదండీ.

ఇలాంటి వంకర తెలివి పెద్ద కంపెనీలకీ ఉంది లెండి. 2013లో అలహాబాద్ కుంభమేళాలో ఒక సబ్బు కంపెనీ రొట్టెల మీదే వేడి ముద్ర వేయించింది, చేతులు కడుక్కున్నావా అని. తినబోయేవాడి చేతిలోనే ప్రకటన, ఇంకెక్కడికి పోతాడు. మా బామ్మర్దికి చెబితే కాజాల మీద వేయొచ్చా బావా అన్నాడు. ఇంకోరోజు బ్రెజిల్లో సావోపాలో అనే ఊళ్ళో 2007 నుంచి హోర్డింగులన్నీ నిషేధించి పీకేశారు అని చెప్పా. వాడు కాసేపు ఆలోచించి "మరి ఆళ్ళు పుట్టినరోజులు చేసుకోరా?" అన్నాడు.

మనకీ నిషేధం రాకపోలేదు. 2022 ఆగస్టులో రాష్ట్రంలో ప్లాస్టిక్ ఫ్లెక్సీలు బంద్ అన్నారు, నవంబర్ 1 నుంచి అన్నారు, తర్వాత జనవరి 26 అన్నారు. ఈ సంక్రాంతికి కోడిపందేల బరుల దగ్గర చూస్తే ఆ సంగతి ఎవడికీ గుర్తున్నట్టు లేదు.

నా బాధ గుడ్డతో కాదు, ఫ్రేముతో. 2024 మే 13న ముంబయి ఘాట్‌కోపర్‌లో ఈదురుగాలికి హోర్డింగు కూలి పెట్రోల్ బంకు మీద పడింది, 17 మంది పోయారు. అది 120 అడుగులకి 120 అడుగులు, అక్కడి లెక్క ప్రకారం 40కి 40 దాటకూడదు. ఆ వీడియో మేము రాత్రి డ్యూటీలో టీ తాగుతూ చూశాం, తర్వాత ఎవడూ మాట్లాడకుండా బెల్టులు మళ్ళీ బిగించుకున్నాం. గాలికి గుడ్డ తెరచాపలా పనిచేస్తుందండి, అందుకే బిల్డింగులకి కట్టేవాటికి చిల్లుల గుడ్డ వాడతాం. ఇక్కడేమో తుఫాన్లు వచ్చే చోట, సెంటర్లో వెదురు బొంగులకి బైండింగ్ వైరు చుట్టి, ఆ వైరు కరెంటు స్తంభానికి కట్టి, పైన పదిమంది నవ్వుతుంటారు. బామ్మర్దికి అది ఒక్కటే గట్టిగా చెప్పా, స్తంభానికి కట్టకు, మధ్యలో నాలుగు కోతలు పెట్టు అని. "కోత పెడితే నాయకుడి మొహం మీద పడుద్ది బావా, నన్ను బతకనిస్తారా" అన్నాడు. సరే మొహాలు తప్పించి పెట్టరా అన్నా. చూస్తానన్నాడు, చెయ్యడు.

పండగ అయిపోయాక నా స్వాగతం ఫ్లెక్సీ మాయమైంది. ఎవరు పీకారో అనుకుంటే మా చిన్నాన్న ధాన్యం రాశి మీద కప్పి ఉంది, మంచు పడకుండా. కోడి పైకి, నేను కిందకి. పోనీలే పనికొచ్చింది అనుకుంటుంటే చిన్నాన్న దగ్గరకొచ్చి "ఒరేయ్, మన ఫ్లెక్సీలు పల్చనవి, రెండు వానలకే పోతున్నాయి. మీ దుబాయ్‌వి మందంగా ఉంటాయంటగా, పాతవి పారేసేవేగా, ఈసారి వచ్చేటప్పుడు రెండు పట్రా" అన్నాడు.

"చిన్నాన్నా, ఒక్కోటి ఇల్లంత ఉంటాయి. నాకిచ్చేది 30 కేజీల లగేజీ."

"మరి చాక్లెట్లు తగ్గించు" అన్నాడు.