కోసిన ముక్క పారేయనివ్వకండి

మా కుక్క బుజ్జిగాడి తొడ మీద క్యాన్సర్ గడ్డ తీయించాక అమలాపురంలో అందరిదీ ఒకటే మాట: "తీసేశారుగా, ఇంకేం భయం?" నాకైతే అసలు టెన్షన్ అప్పుడే మొదలైంది.

ఈ సార్కోమా (కండ, కొవ్వు లాంటి మెత్తటి భాగాల్లో పుట్టే క్యాన్సర్) చేతికి విడి ఉండలా తగులుతుంది. కానీ కాలవలో గుర్రపుడెక్క వేళ్లలా పోగులు చుట్టూ పాకి ఉంటాయి. అందుకే వీలైతే చుట్టూ 2-3 సెంటీమీటర్ల మంచి కండతో సహా కోస్తారు. ఆ ముక్క బయాప్సీకి వెళ్లి తీరాలి. అంచుల్లో క్యాన్సర్ కణాలున్నాయా, గ్రేడ్ (క్యాన్సర్ ఎంత దూకుడుగా ఉందో 1 నుంచి 3 వరకు చెప్పే అంకె) ఎంత అన్నది అక్కడే తేలుతుంది. అంచులు శుభ్రంగా ఉండి గ్రేడ్ 1 లేదా 2 అయితే చాలాసార్లు ఆపరేషన్‌తోనే సరిపోతుంది. కణాలు మిగిలితే మళ్లీ కోత, లేదంటే రేడియేషన్. మన కోనసీమలో కుక్కకి రేడియేషన్ ఎక్కడ? ఆ మాటకే గుండె బరువెక్కుతుంది. గ్రేడ్ 3 ఊపిరితిత్తులకు పాకే ప్రమాదం ఎక్కువ, కీమో గురించి డాక్టర్‌ని అడగండి.

మావాడికి గ్రేడ్ 2, అంచులు శుభ్రం. అయినా 3 నెలలకోసారి చూపిస్తున్నాం, ఎక్స్‌రే కూడా.

పిల్లులున్నవాళ్లూ వినండి, వాటికి ఇంజెక్షన్ చేసిన చోట ఇలాంటి సార్కోమా రావచ్చు. అక్కడ గడ్డ 3 నెలలైనా పోకపోయినా, 2 సెంటీమీటర్లు దాటినా, నెల తర్వాత కూడా పెరుగుతున్నా వెంటనే చూపించండి.